ఫ్యాను ఆగినప్పుడు వినిపించేదేమిటి? రొదకూ నిశ్శబ్దానికీ మధ్య మన చెవి వేసే లెక్క

వేసవి రాత్రి. ఇంట్లో అందరూ గాఢనిద్రలో ఉన్నారు. కరెంటు పోయింది. ఫ్యాను రెక్కలు నెమ్మదించి ఆగిపోయాయి. ఉక్కపోత ఇంకా మొదలవలేదు, ఒంటికి చెమట పట్టలేదు. అయినా చంటిపిల్ల ఉలిక్కిపడి లేచింది, వెనకే తల్లీ లేచింది. వాళ్లను లేపింది చప్పుడు కాదు, ఉన్న చప్పుడు ఆగిపోవడం. అంతసేపూ గరగరమంటున్నా ఎవరికీ పట్టని ఫ్యాను, ఆగిన క్షణంలో మాత్రం అందరికీ తెలిసింది.

శబ్దం అంటే ఉన్నది, నిశ్శబ్దం అంటే లేనిది అని అనుకుంటాం. లేనిది మనిషిని నిద్రలేపగలదా? ఉన్నది గంటల తరబడి వినిపించకుండా ఉండగలదా?

ఈ చిక్కు ఏటా వినాయక చవితి మండపాలు వెలిసేనాటికి వీధిలోకి వస్తుంది. పెళ్లి ముహూర్తాల కాలంలోనూ అంతే. 2024 అక్టోబరులో హైదరాబాద్ పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజేలను నిషేధించినప్పుడు రెండు వైపుల నుంచీ గట్టి మాటలే వినిపించాయి. ఒకరికి అది పండగ, ఇంకొకరికి తలపోటు. ధ్వనిని కొలిచే మీటరు పెడితే ఇద్దరి దగ్గరా ఒకటే అంకె చూపిస్తుంది. మరి ఎవరి మాట నిజం? దీనికి జవాబు చెప్పాలంటే మీటరు ఏం కొలుస్తుందో, చెవి ఏం కొలుస్తుందో, మనసు ఏం కొలుస్తుందో విడివిడిగా చూడాలి.

తెలుగులో చప్పుడుకు ఎన్ని పేర్లు!

భౌతికశాస్త్రంలో ధ్వని అంటే గాలిలోనో నీటిలోనో గోడలోనో సాగే కంపనం. అక్కడ మంచీచెడూ లేవు. మనకు అక్కర్లేని ధ్వనిని ఇంగ్లీషులో నాయిస్ అంటారు. ఈ వ్యాసం వరకు దాన్ని 'రొద' అందాం. ఇంజినీర్లకు ఇంకో అర్థం కూడా ఉంది: చేరాల్సిన సమాచారానికి అడ్డొచ్చేదంతా నాయిసే. రేడియోలో రెండు స్టేషన్ల మధ్య వచ్చే 'స్స్స్' దానికి పాత ఉదాహరణ.

మన భాష ఈ తేడాలను ఎప్పుడో గుర్తించింది. అలికిడి అంటే ఎవరో ఉన్నారని చెప్పే చప్పుడు. సవ్వడి మెత్తనిది. మోత బరువైనది. హోరు అంటే సముద్రంలా, వానలా తెంపు లేనిది. నాకు అన్నిటికంటే విలువైన జంటగా తోచేవి గోల, సందడి. పదిమంది ఒకేసారి మాట్లాడుకోవడం, పిల్లల పరుగులు, గిన్నెల చప్పుడు, మైకులో పాట: రెండిట్లోనూ ఉన్నవి ఇవే. డెసిబెల్స్‌లో తేడా ఉండకపోవచ్చు. పిలుపు అందుకుని వెళ్లిన పెళ్లింట్లో అది సందడి. తెల్లారి పరీక్ష ఉన్న పిల్లాడికి పక్కింటి నుంచి వచ్చేది గోల. ఈ రెండు మాటలు విడగొడుతున్నది ధ్వనిని కాదు, వినేవాడికి దానితో ఉన్న సంబంధాన్ని.

అటువైపు నిశ్శబ్దం, మౌనం కూడా ఒకటి కావు. గది నిశ్శబ్దంగా ఉంటుంది, మనిషి మౌనంగా ఉంటాడు. మౌనం ఎంచుకున్నది. గాంధీజీ సోమవారాల్లో మౌనం పాటించేవారు. చుట్టూ జనం ఉండేవారు, పని సాగేది, చెప్పాల్సింది కాగితం ముక్క మీద రాసి ఇచ్చేవారు. మెహెర్ బాబా 1925 జులై 10న మొదలుపెట్టిన మౌనాన్ని 1969 జనవరిలో కన్నుమూసేదాకా వీడలేదు. వాళ్ల చుట్టూ ఉన్న లోకం నిశ్శబ్దమైపోలేదు.

ఇంకో మాట ఉంది. సెలవులకు వచ్చిన పిల్లలు వెళ్లిపోయాక 'ఇల్లు బావురుమంటోంది' అంటాం. బావురుమనడం అంటే గట్టిగా ఏడవడం. చప్పుడు లేకపోవడాన్ని ఏడుపు చప్పుడుతో చెప్పే మాట అది. దాని సంగతి కింద చూద్దాం.

డెసిబెల్ లెక్క: బాక్సులు సగం తీసేసినా ఎందుకు తగ్గదు?

డెసిబెల్ అంటే కిలోగ్రాము లాంటి కొలత కాదు. అది నిష్పత్తుల మెట్లు. సున్నా డెసిబెల్ అంటే ధ్వని లేదని కాదు, ఆరోగ్యంగా ఉన్న చెవికి కనీకనిపించనట్టు వినిపించే స్థాయి అని. అక్కడి నుంచి ప్రతి 10 డెసిబెల్స్‌కు ధ్వని శక్తి పది రెట్లవుతుంది. 20 పెరిగితే వంద రెట్లు, 30 పెరిగితే వెయ్యి రెట్లు. చెవి మాత్రం ఆ పది రెట్లనూ సుమారు 'రెండింతలు గట్టిగా' అని మాత్రమే లెక్కగడుతుంది.

ఒక ఉదాహరణ. వీధిలో ఒకే రకం డీజే బాక్సులు పది మోగుతున్నాయి, మీ గుమ్మం దగ్గర 90 డెసిబెల్స్ వస్తోంది. మీరు వెళ్లి అడిగారు. వాళ్లు మర్యాదగా అయిదు బాక్సులు ఆపేశారు. ఇప్పుడెంత? 45 కాదు, 87. శక్తి సగమైతే తగ్గేది 3 డెసిబెల్సే. చెవికి అది చిన్న తేడా. 'సగం తీసేశాం, ఇంకేం చేయాలి?' అని వాళ్లంటారు. 'ఏమీ తగ్గలేదు' అని మీరంటారు. ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు. చెవికి సగం తగ్గినట్టు అనిపించాలంటే పదింటిలో తొమ్మిది ఆపాలి.

దూరం లెక్క ఇంకోటి. అడ్డేమీ లేని ఆరుబయట, ఒక స్పీకరు నుంచి దూరం రెట్టింపైన ప్రతిసారీ సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతాయి. మీటరు దూరంలో 100 ఉంటే 2 మీటర్ల దగ్గర 94, 4 మీటర్ల దగ్గర 88. అలా పోతే 64 మీటర్ల దగ్గర 64. నివాస ప్రాంతాల్లో రాత్రి పరిమితి 45. ఆ 45కు చేరాలంటే దాదాపు 560 మీటర్లు పోవాలి, అంటే అర కిలోమీటరు దాటాలి. నిజం ఊళ్లో గోడలు, గాలి, మేడలు ఈ లెక్కను అటూఇటూ మారుస్తాయి కానీ, 'మా వీధిలో కదా పెట్టుకున్నాం' అన్న మాట ఎందుకు నిలవదో దీన్నిబట్టి తెలుస్తుంది.

మీటరులో ఒక లోపం ఉంది, దీని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. పర్యావరణ నిబంధనల్లో డెసిబెల్ పక్కన 'ఎ' అనే అక్షరం ఉంటుంది. మన చెవికి లోతైన స్వరాలు తక్కువ వినిపిస్తాయి కాబట్టి మీటరు కూడా వాటిని తగ్గించి లెక్కవేస్తుందని దాని అర్థం. సెకనుకు 63 కంపనాలుండే బేస్ ధ్వని నుంచి ఈ పద్ధతి 26 డెసిబెల్స్ కోసేస్తుంది. డీజేలో గుండెను అదిరించేది, గోడలు దాటి వచ్చేది సరిగ్గా ఆ బేసే. అందుకే కిటికీ అద్దాలు దడదడలాడుతున్నా అంకె అంత పెద్దగా కనిపించకపోవచ్చు.

అసలు పూర్తి నిశ్శబ్దం అంటూ ఉందా?

ప్రతిధ్వని అనేదే లేని గదులు ఉన్నాయి. గోడలకు, కప్పుకు, నేలకు ధ్వనిని పీల్చే మందపాటి దిమ్మలు అమరుస్తారు. మనిషి నిలబడేది తీగల వల మీద. అమెరికాలోని రెడ్‌మండ్‌లో మైక్రోసాఫ్ట్ కట్టిన అలాంటి గదిలో 2015లో మైనస్ 20.35 డెసిబెల్స్ నమోదై గిన్నిస్ రికార్డుకెక్కింది. మైనస్ అంటే సున్నా కంటే తక్కువ ధ్వని అని కాదు, మనిషి చెవి అందుకునే అంచుకు ఇంకా కింద అని.

మరి అక్కడ నిలబడితే ఏం వినిపిస్తుంది? స్వరకర్త జాన్ కేజ్ 1951లో హార్వర్డ్‌లోని అలాంటి గదిలోకి వెళ్లి, తనకు రెండు ధ్వనులు వినిపించాయని చెప్పాడు. ఒకటి సన్నగా, ఇంకోటి లోతుగా. సన్నది నరాలదనీ, లోతైనది రక్త ప్రసరణదనీ అక్కడి ఇంజినీరు చెప్పాడట. నరాలు చప్పుడు చేస్తాయన్న మాటను ఇవాళ్టి శాస్త్రం ఒప్పుకోదు. ఆ సన్నటి కూత చెవీ మెదడూ కలిసి తమకు తామే పుట్టించుకునేది అయివుండవచ్చు.

అలా అనుకోవడానికి ఆధారం ఉంది. 1953లో హెల్లర్, బెర్గ్‌మన్ అనే పరిశోధకులు వినికిడి బాగున్న 80 మందిని ఒక్కొక్కరిగా శబ్దం చొరబడని గదిలో కూర్చోబెట్టి, ఏం వినిపిస్తే అది రాయమన్నారు. దాదాపు 94 శాతం మంది ఏదో ఒకటి రాశారు: జుమ్మని, గింగురుమని, ఈలలాగా. బయటి నుంచి వచ్చే సరుకు తగ్గేకొద్దీ మెదడు తన వాల్యూం పెంచుకుంటుందని, అప్పుడు లోపలి గరగరే పైకి వస్తుందని ఒక వివరణ. వినికిడి తగ్గిన పెద్దవాళ్లలో చాలామంది 'చెవిలో హోరు' అని బాధపడేదీ దీనికి దగ్గరి సంగతే. చెవుడు అంటే నిశ్శబ్దం అనుకునేవాళ్లు వాళ్లను ఒకసారి అడగాలి. రాత్రి ఊరంతా పడుకున్నాక వాళ్ల చెవిలోని హోరు ఇంకా పెరిగినట్టుంటుంది, ఎందుకంటే దాన్ని కప్పే పగటి చప్పుళ్లు అప్పుడు ఉండవు.

నిశ్శబ్దాన్ని వింటామా, లేక ఊహించుకుంటామా?

తత్వవేత్తలు దీని మీద రెండుగా చీలారు. చెవి పని ధ్వనిని వినడమేననీ, ఏమీ వినిపించనప్పుడు 'ఏమీ లేదు' అని మనసు తేల్చుకుంటుందనీ ఒక వాదం. లేదు, ధ్వనిని విన్నట్టే నిశ్శబ్దాన్ని కూడా వింటామని రెండో వాదం.

2023లో అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయం వాళ్లు దీన్ని ఒక చెవి భ్రమతో పరీక్షించారు. ఆ భ్రమ ఇది: ఒకే పొడవాటి కూతను, మధ్యలో విరిచిన రెండు పొట్టి కూతలను వినిపిస్తే, మొత్తం సమయం సమానమే అయినా ఒకటిగా ఉన్నదే ఎక్కువసేపు సాగినట్టు అనిపిస్తుంది. పరిశోధకులు దీన్ని తిరగేశారు. హోటలు, సంత, రైల్వే స్టేషను లాంటి చోట్ల ఉండే రణగొణధ్వని వినిపిస్తూ, అందులో ఒకసారి పొడవాటి నిశ్శబ్దాన్ని, ఇంకోసారి రెండు పొట్టి నిశ్శబ్దాలను పెట్టారు. వెయ్యి మంది మీద చేసిన ఈ ప్రయోగాల్లో అదే భ్రమ అదే తీరున పనిచేసింది. ఒకే నిశ్శబ్దం, రెండు ముక్కల నిశ్శబ్దం కంటే పొడవుగా తోచింది. మెదడు నిశ్శబ్దాన్ని ఖాళీగా వదిలేయడం లేదు, ఒక సంఘటనగా పట్టుకుంటోంది అని వాళ్లు తేల్చారు. దీనికి ఎదురు చెప్పడానికీ చోటుంది: అక్కడ కొలిచింది మనం కాలాన్ని అంచనా వేసే తీరునే కదా, నిశ్శబ్దాన్ని 'వినడం' దాంతో రుజువైనట్టేనా అని. ఆ తర్జనభర్జన ఇంకా ముగియలేదు.

శరీరం వైపు నుంచి చూస్తే ఇంకో ఆధారం దొరుకుతుంది. ధ్వని మొదలవడాన్ని, ఆగిపోవడాన్ని మెదడులోని శ్రవణ భాగానికి చేర్చే దారులు వేరువేరని 2010లో ఒరెగాన్ విశ్వవిద్యాలయం వాళ్లు ఎలుకల్లో చూశారు. ఆగిపోవడం కూడా ఒక సంకేతమే అన్నమాట. ఫ్యాను ఆగితే చంటిపిల్ల లేవడంలో వింత లేదు.

మన సంగీతం ఈ విషయాన్ని చేతివేళ్ల మీదే చూపిస్తుంది. తాళశాస్త్రంలో చేతి కదలికలు రెండు రకాలు: సశబ్ద క్రియ, నిశ్శబ్ద క్రియ. ఆది తాళాన్నే చూడండి. ఒక ఘాత, మూడు వేళ్ల లెక్క, మళ్లీ ఘాత, విసర్జితం, ఘాత, విసర్జితం. మొత్తం ఎనిమిది. ఇందులో చప్పుడయ్యేవి మూడు ఘాతలే. మిగిలిన అయిదూ వేలు ముడవడమో, చెయ్యి తిప్పడమో. చప్పుడు లేదు కాబట్టి అవి లేవని ఏ విద్వాంసుడూ అనడు. అక్కడ నిశ్శబ్దాన్ని 'క్రియ' అన్నారు. ఆ పేరు పెట్టినవాళ్లకు చెయ్యెత్తి మొక్కాలనిపిస్తుంది.

ఇటలీలోని పావియా విశ్వవిద్యాలయం వాళ్లు 2006లో ప్రచురించిన ఒక అధ్యయనం కూడా ఇక్కడే చెప్పాలి. సంగీతం గుండె మీద ఏం పనిచేస్తుందో చూడటానికి 24 మందికి రకరకాల సంగీతం వినిపించారు. మధ్యలో ఎక్కడో ఒకచోట రెండు నిమిషాల విరామం పెట్టారు. ఆ విరామంలో గుండె వేగం, రక్తపోటు పాటలేవీ మొదలుకాకముందు ఉన్న స్థాయికంటే కూడా కిందికి దిగాయి. అంటే మొదట్నుంచీ ఉన్న నిశ్శబ్దం, పాట ఆగాక వచ్చిన నిశ్శబ్దం శరీరానికి ఒకటి కావు. రెండో దానికి ముందు ఏముందో శరీరం గుర్తుపెట్టుకుంది.

ఫోనులో మనకోసం కలిపే గరగర

ఇక మీ చేతిలో రోజూ ఉండే ఉదాహరణ. ఫోనులో అవతలివాళ్లు మాట్లాడటం ఆపినప్పుడు వెనకాల సన్నటి 'స్స్' వస్తుంది. అది వాళ్ల ఇంట్లోది అనుకుంటాం. చాలాసార్లు కాదు. ఎవరూ మాట్లాడనప్పుడు సిగ్నల్ పంపడం ఆపేసి బ్యాటరీని, నెట్‌వర్కును మిగుల్చుకోవడం జీఎస్ఎం మొబైల్ వ్యవస్థలో ఉన్న పద్ధతి. అలా ఆపినప్పుడు అవతల చెవికి పూర్తి నిశ్శబ్దం అందుతుంది. అది విన్న మనిషి వెంటనే 'హలో... హలో... లైన్లో ఉన్నావా?' అంటాడు. అందుకని వినేవాళ్ల ఫోనే కొంచెం కృత్రిమ గరగరను పుట్టించి వినిపిస్తుంది. ఇంజినీర్లు దానికి 'కంఫర్ట్ నాయిస్' అని పేరు పెట్టారు, అంటే ఊరటనిచ్చే రొద. అవతల మనిషి ఉన్నాడన్న అలికిడి కోసమే దాన్ని కలుపుతున్నారు.

ఎలక్ట్రిక్ కార్లదీ ఇదే కథ. చప్పుడు లేని బండి వస్తే చూపులేనివాళ్లకు తెలియదు. అందుకే గంటకు 20 కిలోమీటర్ల లోపు వేగంలో వాటికి కృత్రిమ చప్పుడు ఉండేలా ఐక్యరాజ్యసమితి కింద ఒక నిబంధన వచ్చింది, ఐరోపా దాన్ని అమలు చేస్తోంది.

ఒకే చప్పుడు, రెండు చెవులు

వాన రేకుల మీద పడే చప్పుడు మామూలు మాటల కంటే గట్టిది కావచ్చు, అయినా హాయిగా నిద్రపడుతుంది. అంతకంటే చిన్నదైన కుళాయి చుక్క 'టప్... టప్...' అంటే నిద్రపట్టదు. రైలు పక్కనుంచి పోయినా లేవని తల్లి, పిల్ల మూలిగితే లేస్తుంది. వాన మీద మనకు కోపం లేదు. కుళాయిని ఎవరో సరిగ్గా కట్టలేదు. పిల్ల మూలుగుకు అర్థం ఉంది.

దీన్ని గట్టిగా చూపించినవాళ్లు అమెరికా మనస్తత్వవేత్తలు డేవిడ్ గ్లాస్, జెరోమ్ సింగర్. 1960ల చివర్లో వాళ్లు కొందరికి ఎప్పుడు వస్తుందో తెలియని పెద్ద రొదను వినిపిస్తూ పని చేయించారు. సగం మందికి ఒక బటన్ ఇచ్చి, 'భరించలేకపోతే నొక్కండి, ఆగుతుంది, కానీ నొక్కకపోతే మాకు మేలు' అన్నారు. దాదాపు ఎవరూ నొక్కలేదు. అంటే రెండు గుంపులూ విన్నది సమానమే. రొద ఆగాక పజిళ్లు, ప్రూఫు తప్పులు దిద్దే పని ఇస్తే, బటన్ ఉన్నవాళ్లు స్పష్టంగా బాగా చేశారు. ఆపగలను అన్న నమ్మకమే అలుపు తగ్గించింది.

మండపం దగ్గర వాల్యూం తిప్పే చెయ్యి ఎవరిదో వాళ్లకు ఆ చప్పుడు అలుపు కాదు. మూడో అంతస్తులో బీపీ మాత్ర వేసుకుని పడుకున్న పెద్దాయనకు అలుపే. ఆయన దగ్గర బటన్ లేదు. గోలకూ సందడికీ మధ్య తేడాలో పెద్ద భాగం ఈ బటనే అని నాకనిపిస్తుంది.

'అలవాటైపోయింది' అన్న మాట ఎంతవరకు నిజం?

ఇక్కడే ఒక ప్రమాదం ఉంది. రొద అన్నది మనసు చేసే నిర్ణయమైతే, 'అలవాటు చేసుకోండి, సరిపోతుంది' అనేయొచ్చు కదా? పట్టాల పక్కన ఇల్లున్నవాళ్లు అలాగే అంటారు: మొదటి నెలే కష్టం, తర్వాత రైలు రాకపోతేనే తెలుస్తుంది అని. అది నిజమే. మనసు అలవాటు పడుతుంది.

గుండె అంతగా పడదు. నిద్రలో ఉన్నవాళ్లకు రొద వినిపించి కొలిచిన అధ్యయనాల్లో, మెలకువ రాకపోయినా, తెల్లారి ఏమీ గుర్తులేకపోయినా, రొద వచ్చినప్పుడల్లా గుండె వేగం ఎగసింది. ఏళ్ల తరబడి అలవాటైనవాళ్లలోనూ అది పూర్తిగా పోలేదు. లోపలి చెవిలో ధ్వనిని పట్టుకునే రోమకణాలకైతే అలవాటు అన్న మాటే లేదు. ఒక్కో చెవిలో సుమారు 15,000 ఉంటాయి, పోయినవి మనుషుల్లో తిరిగి మొలవవు.

న్యూయార్క్‌లోని ఒక బడి కథ ఇంకా స్పష్టం. బడికి ఒకవైపు ఎత్తైన వంతెన మీద రైళ్లు నడిచేవి. 1975లో ఆర్లీన్ బ్రోంజాఫ్ట్, డెనిస్ మెకార్తీ ఆ బడి పిల్లల చదివే సామర్థ్యాన్ని పోల్చారు. రైలు వైపు గదుల్లో కూర్చున్న పిల్లలు, రెండోవైపు పిల్లల కంటే వెనకబడి ఉన్నారు. ఆరో తరగతికి వచ్చేసరికి తేడా దాదాపు ఏడాది చదువంత ఉంది. ఆ తర్వాత పట్టాల కింద రబ్బరు పలకలు వేశారు, తరగతి గదుల కప్పులకు ధ్వనిని పీల్చే పలకలు అమర్చారు. కొన్నేళ్లకు మళ్లీ పరీక్షిస్తే ఆ తేడా మాయమైంది. పిల్లలకు ఎవరూ రొదను భరించడం నేర్పలేదు, రొదనే తగ్గించారు.

నిశ్శబ్దం భయపెట్టినప్పుడు

ఇప్పుడు బావురుమనే ఇంటి దగ్గరికి వద్దాం. పిల్లలు హైదరాబాద్‌కో అమెరికాకో వెళ్లిపోయిన ఇళ్లల్లో ఎవరూ చూడకపోయినా టీవీ మోగుతూ ఉంటుంది. అమెరికా శివారు ఇళ్లకు మొదటిసారి వెళ్లిన అమ్మానాన్నలు ఫోనులో చెప్పే మాటల్లో ఇదొకటి: 'అన్నీ బాగున్నాయి గానీ వీధిలో మనిషి అలికిడే లేదమ్మా.' కూరగాయల బండి అరుపు, గుడి మైకు, పక్కింటి కుక్కరు విజిల్: ఇక్కడున్నప్పుడు వీటి మీద విసుక్కున్నవాళ్లే వాళ్లు. ఆ చప్పుళ్లు లేనప్పుడు అవి చేస్తున్న పని తెలిసింది. చుట్టూ మనుషులున్నారని చెప్పడమే ఆ పని.

2014లో అమెరికాలో చేసిన ఒక ప్రయోగంలో, ఏమీ లేని గదిలో 15 నిమిషాలు ఊరికే కూర్చోమన్నప్పుడు, 18 మంది మగవాళ్లలో 12 మంది, 24 మంది ఆడవాళ్లలో ఆరుగురు ఆ ఖాళీకి బదులు తమకు తాము చిన్న కరెంటు షాక్ ఇచ్చుకున్నారు. అది నిశ్శబ్దానికి పెట్టిన పరీక్ష కాదు, ఒంటరిగా తమ ఆలోచనలతో ఉండటానికి పెట్టినది. కానీ నిశ్శబ్దం దగ్గర చాలామంది జడిసేది ఆ ఆలోచనలకే.

మాటల మధ్య నిశ్శబ్దం మరీ సున్నితం. 2009లో పది భాషల సంభాషణలను కొలిస్తే, ప్రశ్నకు జవాబు మొదలవడానికి పట్టే సగటు సమయం సెకనులో ఐదో వంతు దగ్గర తేలింది. జపనీయులు దాదాపు ఖాళీయే లేకుండా అందుకున్నారు, డెన్మార్క్ వాళ్లు అర సెకను దాకా తీసుకున్నారు. అన్ని భాషల్లోనూ ఆలస్యం అంటే సందేహమనో, కాదనబోతున్నారనో అర్థమయ్యే ధోరణి ఉంది. 'ఒక లక్ష సర్దుతావా బావా?' అని ఫోనులో అడిగాక వచ్చే ఒక్క సెకను మౌనం ఎంత పొడవో అడిగినవాళ్లకు తెలుసు. మౌనం అర్ధాంగీకారం అనే సామెత అక్కడ పనిచేయదు. ఒకే మౌనం పెళ్లిచూపుల్లో ఒప్పుకోలు, అప్పు దగ్గర తిరస్కారం.

లాక్‌డౌన్‌లో పక్షులు గట్టిగా పాడాయా?

2020 మార్చి 25న దేశమంతా లాక్‌డౌన్ మొదలైంది. ఆ రోజుల్లో చాలామంది అన్న మాట: పక్షులు ఇదివరకెన్నడూ లేనంత గట్టిగా పాడుతున్నాయి. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఆ సమయంలోనే పిచ్చుక జాతి పక్షి ఒకదాని పాటలను రికార్డు చేసి, పాత రికార్డులతో పోల్చారు. అవి నిజానికి గొంతు తగ్గించి పాడాయి. ట్రాఫిక్ లేదు కాబట్టి అరవాల్సిన పని లేకపోయింది. గొంతు తగ్గినా పాట మాత్రం సుమారు రెట్టింపు దూరం వినిపించింది. రొదలో మనమూ తెలియకుండానే గొంతు పెంచుతామని ఫ్రాన్స్ వైద్యుడు ఎటియెన్ లొంబార్డ్ 1911లోనే చెప్పాడు. పెళ్లి భోజనాల దగ్గర ప్రతి ఒక్కరూ పక్కవాళ్ల కోసమే గొంతు పెంచుతారు, చివరికి ఎవరికీ ఏమీ వినపడదు.

చట్టం దేన్ని కొలుస్తుంది?

మన దేశంలో దీనికి ఆధారం 2000 నాటి శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనలు. నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్. వాణిజ్య ప్రాంతంలో 65, 55. పరిశ్రమల దగ్గర 75, 70. ఆస్పత్రులు, విద్యాసంస్థలు, కోర్టుల చుట్టూ 100 మీటర్ల 'నిశ్శబ్ద మండలం'లో 50, 40. నిశ్శబ్దం అని పేరున్నా అక్కడ కూడా సున్నా అడగలేదని గమనించండి. రాత్రి అంటే 10 నుంచి ఉదయం 6 దాకా. ఆ వేళల్లో ఆరుబయట లౌడ్‌స్పీకర్లు కుదరవు. పండగల కోసం ఏడాదికి 15 రోజులు మించకుండా అర్ధరాత్రి దాకా రాష్ట్ర ప్రభుత్వం సడలింపు ఇవ్వొచ్చు.

2000లో చెన్నై ప్రార్థనామందిరం ఒకదాని కేసులో, ఇతరుల ప్రశాంతతను చెడగొట్టే లౌడ్‌స్పీకర్లతో ప్రార్థించమని ఏ మతమూ చెప్పలేదని సుప్రీంకోర్టు అంది. 2005 జులైలో ఇంకాస్త ముందుకెళ్లి, వినకూడదనుకునే హక్కు కూడా జీవించే హక్కులో భాగమేనన్న అర్థంలో తీర్పిచ్చింది.

ఎదుటి వాదాన్ని కూడా న్యాయంగా వినాలి. చప్పుడు లేని పండగ పండగేనా అన్నది వట్టి మొండితనం కాదు. డప్పు కొన్ని కులాల బతుకు, కళ, గౌరవం. దాన్నీ 'రొద' అని ముద్ర వేసిన చరిత్ర ఉంది. అద్దాల కిటికీలు, ఏసీ గదులు ఉన్నవాళ్లు అడిగే నిశ్శబ్దానికి, వీధే వసారాగా బతికేవాళ్లు మూల్యం చెల్లించాల్సి వస్తుందన్న మాటలోనూ నిజముంది. అయితే డప్పు మనిషి చేతి బలంతో మోగుతుంది, కదిలిపోతుంది, అలిసి ఆగుతుంది. జనరేటరు మీద నడిచే బాక్సుకు అలుపు లేదు. రెండిటినీ ఒకే గాటన కట్టడం నాకు సబబుగా తోచదు. డీజే ఊరేగింపు వెళ్లే దారిలో అందరికంటే ఎక్కువ వినాల్సి వచ్చేది కూడా ఆ రేకుల ఇళ్లవాళ్లే.

ఇక చివరి చిక్కు. చట్టం కొలిచేది సగటును. మీ వీధిలో రాత్రంతా 35 డెసిబెల్స్ ఉందనుకుందాం, అంటే చాలా ప్రశాంతం. ఆ రాత్రి అయిదుసార్లు, ఒక్కోసారి నాలుగు సెకన్లపాటు, 75 డెసిబెల్స్‌తో ఎవరో హారన్ కొట్టారు. ఎనిమిది గంటల సగటు కడితే వచ్చేది 44. పరిమితి 45. అంటే నిబంధన దాటలేదు. 1999లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పడకగదికి రెండు అంకెలు సూచించింది: రాత్రి సగటు 30, ఏ ఒక్క చప్పుడూ 45 దాటకుండా. కిటికీ కొద్దిగా తెరిచి ఉంటే బయటి ధ్వనిలో సుమారు 15 డెసిబెల్స్ తగ్గుతాయి. 75 కాస్తా 60 అయి మంచం దగ్గరికి చేరుతుంది. ఆ లెక్కలో అయిదు హారన్లూ అయిదుసార్లు హద్దు దాటినట్టే. రెండు గంటలప్పుడు ఒకటి, రెండున్నరకు ఒకటి, మూడింటికి ఇంకోటి. మూడో అంతస్తు పెద్దాయన లేచి, నీళ్లు తాగి, మళ్లీ పడుకుని, తర్వాతది ఎప్పుడొస్తుందా అని ఆ నిశ్శబ్దంలో చెవి ఒగ్గి ఉంటాడు. రిపోర్టులో మాత్రం 44 అని ఉంటుంది.